అటక మీది మానుపిల్లి, ఫోనులోని కుక్క

ఆ ఫోటో నేను చూపించకుండా ఉండాల్సింది. ఆ పది రోజుల్లో ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పలేను. బియ్యం ఏరుతూ అనుకున్నాను, బట్టలు ఆరేస్తూ అనుకున్నాను. దీపం పెట్టి రాముడి ముందు చేతులు జోడించి, అడగాల్సింది మరిచిపోయి, మళ్ళీ అదే అనుకున్నాను.

మా ఇల్లు భద్రాచలం దాటాక అడవిలోకి పోయే రోడ్డు పక్కన ఉంటుంది. మా ఆయన బస్సు కండక్టరు. డ్యూటీకి దగ్గరని కిరాయికి దిగాం, ఇక్కడే ఉండిపోయాం. నేను పుట్టింది మాత్రం ముదిగొండ పక్కన. చిన్నప్పుడు నాకు ఆయాసం. బడి దుమ్ములో గంట కూర్చుంటే రెండు రోజులు మంచం మీద ఉండేదాన్ని. అందుకని మా నాన్నే పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద నాకు పాఠం చెప్పేవాడు. ఇంగ్లీషు ఆయనకూ రాదు. అట్టలు ఊడిన డిక్షనరీ ఒకటి ముందు పెట్టుకుని, తను నేర్చుకుంటూ నాకు నేర్పాడు. ఏ బడి రిజిస్టరులోనూ నా పేరు లేదు. అయినా ఆ అరుగు చదువే ఇవాళ నాకు పని ఇస్తోంది. ఖమ్మంలో పిల్లల పుస్తకాలు వేసే ఒకాయన ఇంగ్లీషు పేజీలు ఫోనుకు పంపిస్తాడు, నేను వాటిని తెలుగులో రాసి పంపిస్తాను. ప్రతి పేజీ మొదలుపెట్టే ముందు నాన్నకు మనసులో ఒక దండం పెట్టుకుంటాను.

ఈసారి వచ్చింది కుక్కల కుటుంబం గురించిన పుస్తకం. తోడేలు, నక్క, రేచుకుక్క పేజీలు సాఫీగా సాగాయి. మనవాళ్ళకు తెలిసినవే కదా. ఆ తర్వాత పేజీలో ఒక వింత మొహం వచ్చింది. కళ్ళ చుట్టూ నల్లగా, కాటుక చెరిగినట్టు. పొట్టి కాళ్ళు, ఒళ్ళంతా దట్టమైన బొచ్చు. పేరు రకూన్ కుక్క. రకూన్ అంటే అమెరికాలో చెట్లెక్కి తిరిగే వేరే జంతువు. దాని మొహం, దీని మొహం ఒక్కలాగే ఉంటాయని దీనికి ఆ పేరు పెట్టారట. ఇది ఉండేది చైనా, జపాను వైపు. అసలు రకూనే తెలియని మా పక్క ఊళ్ళ పిల్లలకు, రకూన్‌లా ఉండే కుక్క అంటే ఏం అర్థమవుతుంది? రెండు రోజులు ఆ ఒక్క పేరు దగ్గరే ఆగిపోయాను.

మా పక్కింట్లో ఒక పెద్దమ్మ ఉంటుంది. కోయవాళ్ళు. ఆమె, కొడుకు, కోడలు, రెండో నెల నడుస్తున్న వాళ్ళ పాప. అది ఇప్పపువ్వు రాలే కాలం. పెద్దమ్మ తెల్లవారకముందే గంప తీసుకుని అడవికి పోయి, ఎండెక్కేసరికి వచ్చి, వాకిట్లో పువ్వు ఆరబోసేది. ఆ రోజు పువ్వు ఆరబోసి, మా గడపలో కూర్చుని మంచినీళ్ళు తాగుతుంటే ఫోను చూపించాను.

"పెద్దమ్మా, దీన్ని చూస్తే నీకు ఏం గుర్తొస్తది?"

ఆమె ఫోను దూరంగా పెట్టి, కళ్ళు చిట్లించి చూసింది. "ఏంది బిడ్డా గట్లడుగుతవ్! ఇది మా అటక మీదున్నదే. మానుపిల్లి."

"మీ అటక మీదా?"

"అవ్. నెలాయె. ఎండిన పువ్వు మూట కట్టి అటకెక్కిస్తే, రోజూ ఇంత కాజేస్తున్నది. పిల్లలు గూడ పెట్టింది. పొద్దుగూకంగ కుయ్యి కుయ్యిమంటయ్. కొత్త బియ్యం వండినట్టు వాసనొస్తది. మా కోడలు నన్నే అనుమానించింది, అత్త ఒక్కతే వండుకుని తింటున్నదని!"

ఇద్దరం నవ్వుకున్నాం. నాకు లోపల ఎంత సంతోషమైందో! రెండు రోజులుగా దొరకని మాట ఆమె ఒక్క చూపుతో ఇచ్చింది. ఆ మధ్యాహ్నమే కాగితం మీద రాసుకున్నాను: మన మానుపిల్లిలాంటి మొహం ఉన్న కుక్క. రాసి, ఆమెకు చదివి వినిపించాను కూడా. ఆమె తల ఊపింది. ఇంటికి పోయి కొడుక్కి చెప్పింది. కొడుకు తన ఫోనులో ఆ ఇంగ్లీషు పేరు వెతికాడు.

సాయంత్రం అతను మా వాకిట్లోకి వచ్చాడు. లోపలికి రాలేదు. ఫోను ముందుకు చాచి పట్టుకున్నాడు.

"అక్కా, నువ్వు అమ్మకు చూపించింది గిదేనా?"

అదే మొహం. కింద పెద్ద ఎర్ర అక్షరాలు. కరోనా పుట్టిందంటున్న ఆ చైనా సంతలో ఈ జంతువును అమ్మారని, దీని నుంచే మనుషులకు అంటిందని ఎవరో గొంతు చించుకుని చెబుతున్నారు. అంటి ఉండొచ్చని కొందరు అంటున్న మాటే తప్ప అది తేలిన సంగతి కాదని నాకు తెలుసు. ఆ మాట చెప్పబోయాను. అతను వినే స్థితిలో లేడు.

"అది మా ఉయ్యాల మీదనే ఉన్నది అక్కా. సరిగ్గ మీదనే."

ఉయ్యాల అటక దూలానికే కట్టి ఉంది. నేనే ఎన్నోసార్లు ఊపాను.

అతని భయం ఉత్త భయం కాదు. రెండో విడత కరోనాలో వాళ్ళ నాన్న పోయాడు. దవాఖానా నుంచి ఇంటికి తీసుకురానివ్వలేదు. మొహం చూడలేదు, స్నానం చేయించలేదు, వాళ్ళ పద్ధతిలో సాగనంపలేదు. పెద్దమ్మ ఆ విషయం మాట్లాడదు. పొయ్యి ముందు కూర్చున్నప్పుడు ఒక్కోసారి, "కట్టె సుత ముట్టనియ్యలే బిడ్డా" అని మాత్రం అంటుంది.

"రేపు పొద్దున మిరపకాయల పొగ పెడ్త" అన్నాడు. "మా బావలిద్దరొస్తరు. అది దిగంగనే కొడ్తం. పిల్లలు పైన్నే చస్తయ్."

డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయనకు చెప్పాను. "ఫారెస్టోళ్ళకు ఫోను చెయ్. దాన్ని చంపితే కేసు" అన్నాడు. అది నిజమే. కానీ వాళ్ళది అడవి కొట్టి చేసుకున్న, పట్టా లేని పోడు భూమి. అడవి శాఖ జీపు ఆ వాకిట్లో ఆగితే పిల్లి సంగతి ఒక్కటే మాట్లాడి పోతుందా? నా నోటి తప్పుకు ఆ జీపును వాళ్ళ చేను మీదికి రానివ్వలేను. ఫోను తీసి, మళ్ళీ అక్కడే పెట్టేశాను. అన్నం పక్కన పెట్టి ఆ ఇంగ్లీషు పేజీ మళ్ళీ తెరిచాను.

తప్పు ఎక్కడ జరిగిందో అప్పటికి నాకు అర్థమైంది. మొహం చూసి చుట్టరికం కలిపాను. పేజీలో అసలు విషయమే అది! మొదట చూసినవాళ్ళంతా ఇలాగే పొరపడ్డారట. పేర్లు పెట్టిన పండితులు కూడా మొహం చూసే పెట్టారు. శాస్త్రంలో చైనా వైపు ఉండేదాని పేరుకు రకూన్‌లాంటిది అని అర్థం. జపానులో ఉండేదాని పేరుకు అర్థం: మానుపిల్లి జాతిలాంటిది అని. మా పెద్దమ్మ గడపలో కూర్చుని చేసిన పొరపాటే, రెండు వందల ఏళ్ళ కిందట ఎవరో పెద్ద చదువుల ఆయన చేశాడన్నమాట. పళ్ళు, దవడలు, రక్తం చూసినవాళ్ళు మాత్రం చెప్పారు: ఇది రకూన్ కాదు, పిల్లి వైపుది అసలే కాదు. ఇది కుక్కే. అందులోనూ నక్కలకు దగ్గర.

తెల్లవారగానే స్నానం చేసి, దీపం పెట్టి, పక్కింటికి వెళ్ళాను. వాకిట్లో మట్టి పెంకులో నిప్పులు సిద్ధంగా ఉన్నాయి. పక్కన గుప్పెడు ఎండుమిరపకాయలు. కొడుకు, అతని బావలు ఇద్దరు, అంటే కోడలి అన్నదమ్ములు, కర్రలతో ఉన్నారు. కోడలు పాపను కొంగులో చుట్టుకుని దూరంగా వేపచెట్టు కింద నిలబడింది.

ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఎదురుగా ఆ బావలు కనిపించారు. నోటికి వచ్చింది అడిగేశాను.

"పెద్దమ్మా, మీదీ వీళ్ళదీ ఒకటే గట్టా?"

కోయవాళ్ళకు గట్టంటే ఏమిటో వాళ్ళ పక్కన నాలుగు రోజులు ఉన్న ఎవరికైనా తెలుస్తుంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఇలా ఉంటాయి. ఒక్కో గట్టులో ఎన్నో ఇంటిపేర్లు. ఇంటిపేరు వేరైనా గట్టు ఒకటైతే అన్నదమ్ములే, పెళ్ళి కుదరదు. కొత్త మనిషి వస్తే మంచినీళ్ళ కన్నా ముందు అడిగేది గట్టే.

పెద్దమ్మ నన్ను వింతగా చూసింది. "ఏం మాటలు బిడ్డా పొద్దు పొద్దున? ఒకటే గట్టయితే బావలెట్లయితరు?"

"మరి ఈ పెద్ద బావ మొహం, నీ కొడుకు మొహం ఒక్క తీరుగానే ఉంటయ్ కదా. సంతలో చూసినోళ్ళు అన్నదమ్ములనుకుంటరు."

బావ మీసం తిప్పాడు. "నేను జర అందగాన్ని అక్కా. చూసి చెప్పు."

"మొహం చూసి గట్టు చెప్తరా ఎవరన్న?" అంది పెద్దమ్మ.

"నేను గా తప్పే చేసిన పెద్దమ్మా. ఫోనులోదాని మొహం చూసి, మీ అటక మీదిదే అన్న. అది కుక్క గట్టు. నక్కకు దాయాది. మీ అటక మీదున్నది పిల్లికి దూరపు చుట్టం, వేరే గట్టు. దీనికీ దానికీ ఏ తరంల పొత్తు లేదు. అది మన దేశంలనే లేదు."

కొడుకు కర్ర కింద పెట్టలేదు. "నీకెట్ల తెలుసు? దాని తాతల్ని చూసినవా?"

"చూడలే. ఎముకలు చూసినోళ్ళు రాసిన్రు." తెలిసిందంతా అక్కడే నిలబడి చెప్పాను. కుక్కల వంశం మొదట అమెరికాలో పుట్టిందని, ఉత్తరాన నేల కలిసి ఉన్న రోజుల్లో ఇటు దాటిందని. ఈ నల్లమొహందాని దాయాదులు ఒకప్పుడు చైనాలోనే కాదు, యూరపులోనూ, ఆఫ్రికాలోనూ తిరిగాయని, కొన్ని ఇప్పటిదాని కన్నా పెద్దవని. అవన్నీ పోయాయి. దవడలు, పళ్ళు మిగిలాయి. యూరపులో దాని పేరే లేకుండా పోయిన ఎన్నో లక్షల ఏళ్ళకు, బొచ్చు కోసం మనుషులే మళ్ళీ తీసుకుపోయి వదిలితే, ఇప్పుడు అక్కడ ఊళ్ళ చుట్టూ తిరుగుతోంది.

పెద్దమ్మకు ఆ పోయినవాటి మీద మనసు పడింది. "మాకైతే డోలు కొట్టే డోలోల్లు వస్తరు. గట్టు బొమ్మలున్న పడిగె గుడ్డ పరిచి, ఎవని తాత ఎవడో పాడుతరు. మరి వాటికెవడు పాడిండు?"

"దవడ ఎముకే పెద్దమ్మా. దాని కింది అంచు వంపు చూసి చెప్తరంట, ఇది ఈ గట్టని."

"ఎముక పాడుతదా! ఏం కాలమొచ్చె!" ఆమె నవ్వింది. నవ్వుతూనే నిప్పుల పెంకు కాలితో పక్కకు జరిపింది. "వేరే గట్టుదాన్ని ఎందుకురా చంపుడు? పువ్వు తింటే తిన్నది. ఆర్పుండ్రి."

చిన్న బావకు మాత్రం ఆశాభంగమైంది. "అయితే ఇయ్యాల కూర లేదన్నట్టే" అన్నాడు. వాళ్ళక్క, అంటే ఆ కోడలు, వేపచెట్టు కింద నుంచే మందలించింది. "నీకు మామిడికాయ పప్పు పెడ్తా. నోర్మూసుకుని తిను."

ఇంటికి వచ్చి రాముడి ముందు ఎంతసేపు కూర్చున్నానో! కథ అక్కడ అయిపోతే ఇప్పుడు ఇది రాసే పనే ఉండేది కాదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ పేజీ పూర్తిచేద్దామని కూర్చున్నాను. చివర్లో చిన్న అక్షరాల్లో ఒక పేరా ఉంది. ముందు దాన్ని సరిగా చూడలేదు. అడవి జంతువులను సంతల్లో కుక్కి అమ్మితే వచ్చే రోగాల గురించి. కరోనాకు ముందు, ఇరవై ఏళ్ళ కిందట అక్కడే ఇంకో ఊపిరితిత్తుల రోగం వచ్చిందని, అప్పుడు సంతలో అమ్మిన మానుపిల్లి జాతి జంతువుల్లో ఆ క్రిమి కనబడిందని రాశారు.

మళ్ళీ చదివాను. అది మన మానుపిల్లి కాదు, దాని దాయాది. కానీ దాయాదే. ఒకే గట్టు. నిన్న నేను ఏ మాట చెప్పి కర్రలు దింపించానో, ఆ మాటే ఇవాళ తిరిగి నా మీదికి వచ్చింది.

లేచాను. నీళ్ళు తాగాను. కూర్చున్నాను. మళ్ళీ లేచి కిటికీలోంచి పక్కింటి దూలం వైపు చూశాను. కోడలు ఉయ్యాల ఊపుతూ ఏదో పాట పాడుతోంది. చెబితే మళ్ళీ నిప్పులు రాజేస్తారు. చెప్పకపోతే ఏమవుతుంది? బహుశా ఏమీ కాదు. బోనులో పెట్టి కుక్కిన జంతువు వేరు, అటక మీద పువ్వు తినేది వేరు. కానీ ఆ 'బహుశా' వాళ్ళ పాప మీద. నేను ఊపిన ఉయ్యాల మీద.

మా ఆయన సంచి సర్దుకుంటూ అన్నాడు, "ఊకో. నిన్న గట్టని చెప్పి, ఇయ్యాల గట్టు చాలదని చెప్తవా? నిన్ను రేపటి నుంచి ఎవరు నమ్ముతరు?"

మా నాన్న గుర్తొచ్చాడు. ఒకసారి నాకు ఒక ఇంగ్లీషు మాటకు అర్థం తప్పు చెప్పి పొలానికి పోయాడు. ఎర్రటి ఎండలో సగం దారి నుంచి వెనక్కి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు కూడా విడవకుండా, "అమ్మా, ఇందాక చెప్పింది తప్పు, కొట్టెయ్" అని సరైన అర్థం చెప్పి, మళ్ళీ పొలానికి పోయాడు. నీళ్ళు తాగమన్నా ఆగలేదు.

పక్కింటికి పోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

కొడుకు ముందు నమ్మలేదు, తర్వాత మండిపడ్డాడు. "నిన్న ఒకటి, ఇయ్యాల ఒకటి! నీ చదువు ఏం చదువక్కా?"

"ఇంట్ల చదువు తమ్ముడూ" అన్నాను.

పెద్దమ్మ కొడుకు వైపు తిరిగింది. నెమ్మదిగా అంది. "మీ నాయినకు యాడ తగిలిందిరా రోగం? అడవిలనా? పెండ్లిల తగిలింది. మనుషులే ఇచ్చిన్రు. గట్టు చూసి వస్తదా అది?" ఉయ్యాల వైపు చూసి, "అయినా పసిపిల్ల. బిడ్డ చెప్పింది మంచిగైంది. తెలిసి దాచిపెడితే నేను ఊకుంటుంటినా?" అంది.

అప్పుడు కోడలు నోరు విప్పింది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నా వైపు తిరిగి అడిగింది. "అక్కా, మీ ఇంట్ల స్లాబుకు కొక్కెం ఉన్నది గద. పాప ఉయ్యాల అక్కడ కడ్త. అది పిల్లల్ని తీసుకుని పోయేదాక. నాకు సుత చంటిపిల్లనే ఉన్నది కదా, అది సుత తల్లే, దాన్ని కొడితే నాకు పాలు సరిగ పడయ్."

అదే తీర్పు అయింది. అటక దగ్గరికి ఎవరూ పోవద్దు. పువ్వు మూటల మీద ఆశ వదులుకోవాలి. కింద పడ్డ లద్దెలు చేతితో ముట్టకుండా బూడిద చల్లి ఎత్తాలి. అది పోయిన రోజే, కప్పులో అది దూరే కంత మూసెయ్యాలి. అంత తెలివైన ఏర్పాటు నా పేజీల్లో ఎక్కడా లేదు.

సాయంత్రానికి మా ముందుగదిలో ఉయ్యాల వేలాడింది. దాని పక్కనే నా కాగితాలు. ఆ ఏడు రోజులు నేను రాసింది తక్కువ, చెవి ఒగ్గింది ఎక్కువ. పాప తుమ్మితే కలం ఆగేది. దగ్గితే లేచి నిలబడేదాన్ని. మూడో రోజు ఒళ్ళు కాస్త వెచ్చబడింది. అందరం కలిసి జల్దీ జల్దీ దవాఖానాకు తీసుకుపోయాం. దారి పొడుగునా దేవుడిని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. డాక్టరమ్మ చూసి, "ఫ్యాను గాలి పడలేదు. జలుబు" అంది. జలుబు అన్న మాట అంత చల్లగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. తిరిగొచ్చాక ఫ్యాను ఆపి విసనకర్ర పట్టుకున్నాను. కొడుకు వచ్చి నా చేతిలోంచి విసనకర్ర తీసుకుని, తను విసిరాడు. ఆ చదువు మాట అన్నాక అతను మా ఇంట్లోకి రావడం అదే మొదలు.

ఎనిమిదో రోజు పొద్దున పెద్దమ్మ వాకిట్లోంచే కేకేసింది. "పోయింది బిడ్డా! నోట కరుచుకుని ఒక్కొక్కదాన్ని వేపచెట్టు మీదికెళ్ళి తీస్కపోయింది. చీకటి విడువంగ చూసిన." ఆ రోజే కంత మూసేశారు. మూడు మూటల పువ్వు పోయింది. పక్కనున్న నిరుటి ఇప్పగింజల మూట మాత్రం మిగిల్చింది.

పేజీ పంపే ముందు పెద్దమ్మకు చదివి వినిపిస్తానని మాట ఇచ్చాను. వాళ్ళ వాకిట్లోనే కూర్చుని మొదలుపెట్టాను. పాప తల్లి ఒళ్ళో ఉంది. మానుపిల్లిలాంటి మొహం అన్న వాక్యం అలాగే ఉంచి, దాని కింద ఇంకోటి రాశాను: మొహం కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు, చుట్టరికం కలవనంత మాత్రాన దగ్గరికి పోయి ముట్టుకోవచ్చనీ కాదు.

"పోయినోళ్ళవి రాసినవా? ఎముకలవి?" అంది పెద్దమ్మ.

"రాసిన."

ఆ పేరా చదువుతున్నాను. యూరపు దగ్గరికి వచ్చేసరికి పాప తుమ్మింది. నేను ఆగిపోయాను. కొడుకు మూసిన కంత వైపు చూశాడు. కోడలు పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. పెద్దమ్మ చేటలో పువ్వు చెరగడం ఆపలేదు.

"ఇప్పపువ్వు దుమ్ము. ఏం గాదు, చదువు" అంది.

ఇంకోసారి తుమ్ముతుందేమోనని కాసేపు చూసి, చదివాను.